జాజ్ పునర్ముద్రణలు, 4వ పాఠం: కొసరు ఎక్కడిది?

ఈసారి మాస్టరింగ్ ఇంజనీర్ల గురించి చెప్తానన్నాను. అది వాయిదా. మూడో పాఠం చివర "బోనస్ ట్రాకులున్న పాత ఆల్బమ్ ఒకటి కొని, విని, ఏమనిపించిందో రాయండి" అన్నాను కదా, వచ్చిన జాబులన్నీ తిప్పి తిప్పి రెండే మాటలు. "ఒకే పాట మళ్ళీ మళ్ళీ వస్తోంది, విసుగు పుట్టింది" అని సగంమంది. "బోనస్ బాగానే ఉంది గానీ, ఆల్బమ్‌లో పియానో వాయించినాయన ఇందులో లేడేమిటండీ?" అని మిగతావాళ్ళు. మొదటివాళ్ళకి మందు సులువు. రెండోవాళ్ళు అడగాల్సిన ప్రశ్నే అడిగారు, కాకపోతే డబ్బు కట్టేశాక అడిగారు.

విసుగు సంగతి ముందు తేల్చేద్దాం. ఎల్పీ రెండు వైపులా కలిపితే నలభై నిమిషాలు, కాస్త అటూఇటూగా. సీడీలో 74 నిమిషాలు, తర్వాత్తర్వాత 80 దాకా పడతాయి. ఆ ఖాళీని నింపడానికే కంపెనీలు గిడ్డంగుల్లో టేపులు వెతికాయి. అక్కడిదాకా మంచిదే. కొందరు చేసిన పాడుపనల్లా, పక్కన పెట్టేసిన టేకును (ఒకే పాటని స్టూడియోలో పదే పదే వాయిస్తారు, ఒక్కో వాయింపూ ఒక టేకు) తీసుకొచ్చి అసలు పాట వెనకాలే అతికించడం. పియానిస్టు బిల్ ఎవాన్స్ 'వాల్ట్జ్ ఫర్ డెబ్బీ' సీడీలు కొన్నింటిలో టైటిల్ పాట అయీ అవగానే అదే పాట ఇంకో టేక్ మొదలవుతుంది. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో ఆలోచించి కూర్చిన ఆల్బమ్ అది. ఆ కూర్పంతా గంగలో కలిసింది. ప్లేయర్‌లో ప్రోగ్రామ్ మీట ఉంటే అసలు ఎల్పీ వరుస పెట్టుకోండి. ఫోన్లో వింటే ప్లేలిస్టు చేసుకోండి. నేనైతే అసలు ఆల్బమ్ అయిపోగానే ఆపేస్తాను, కొసరు మర్నాడు వింటాను. ఇది నా అలవాటు, రూలేం కాదు. కానీ మొదటి వినికిడిలోనే రెండూ కలిపేసి "జాజ్ అంటే చెప్పిందే చెప్పడం" అని తీర్పు రాసి పంపితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక పియానో ఆయన ఎక్కడికి పోయాడన్న ప్రశ్న. ఇవాళ్టి పాఠమంతా దీని మీదే.

సీడీ వెనక్కి తిప్పండి. వృత్తంలో పి అక్షరం, దాని పక్కన ఒక సంవత్సరం ఉంటుంది. చాలామంది దాన్నే పట్టుకుని "1999 ఆల్బమ్ కొన్నాను" అని రాశారు. అది ఈ ముద్రణకి సంబంధించిన హక్కుల సంవత్సరం, మనకి దాంతో పని లేదు. మనకి కావలసింది లోపలి చిన్న పుస్తకంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది: ఏ రోజు, ఏ ఊళ్ళో, ఎవరెవరు వాయించారు. ట్రాకుల నంబర్ల వారీగా ఇస్తారు. కూరగాయలవాడు కొసరు వేసేది అదే గంపలోంచా, పక్క గంపలోంచా అని చూస్తాం కదా, ఇక్కడా అంతే. అట్ట మీద "బోనస్" అన్న మాట ఒక్కటే ఉంటుంది. గంపలు మాత్రం చాలా ఉంటాయి.

సాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ 'జయంట్ స్టెప్స్' తీసుకోండి. 1960లో అట్లాంటిక్ కంపెనీ వేసిన ఎల్పీలో ఏడు పాటలు. వాటిలో ఆరు 1959 మే 4, 5 తేదీల్లో రికార్డు చేసినవి: పియానో టామీ ఫ్లానగన్, బేస్ పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ ఆర్ట్ టేలర్. మిగిలిన ఒక్కటి 'నయీమా'. అది అదే ఏడాది డిసెంబర్ 2న చేసింది. పియానో వింటన్ కెల్లీ, డ్రమ్స్ జిమ్మీ కాబ్. అంటే కొసరు దాకా వెళ్ళక్కర్లేదు, అసలు ఎల్పీలోనే రెండు గంపలున్నాయి. సీడీకి వచ్చేసరికి ఐదు ప్రత్యామ్నాయ టేకులు కలిపారు. మూడు మే నెలవే, అదే మనుషులు. మిగతా రెండూ, అంటే టైటిల్ పాట, 'నయీమా', ఏప్రిల్లో చేసినవి. పియానో సీడర్ వాల్టన్, డ్రమ్స్ లెక్స్ హంఫ్రీస్. మీరు అడిగిన "లేని మనిషి" సంగతి ఇదే.

తేదీ తెలిశాక అదే ట్రాకు వేరేగా వినిపిస్తుంది. టైటిల్ పాట ఏప్రిల్ టేక్ నెమ్మదిగా నడుస్తుంది, వాల్టన్ అందులో అసలు సోలోకే దిగడు. మే టేక్ పరుగు. ఫ్లానగన్ సోలోకి దిగుతాడు, ఒకటి రెండు చోట్ల వేళ్ళు తడబడతాయి, చివరికొచ్చేసరికి చరణాలు అల్లడం మానేసి కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి) నొక్కుతూ గట్టున పడతాడు. కోల్ట్రేన్ వేసిన ఆ స్వర మార్గం ఆనాటి పియానిస్టులకి ఎంత కొత్తో, రెండు టేకులూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. తేదీ చూడనివాళ్ళకి మాత్రం మొదటిది "కాస్త నీరసంగా వాయించిన కాపీ". ఒక జాబులో అక్షరాలా ఇలాగే ఉంది.

ఈ టేకులు మన దాకా రావడం కూడా అదృష్టమే. 1978 ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని లాంగ్ బ్రాంచ్‌లో అట్లాంటిక్ గిడ్డంగి తగలబడి, విడుదల కాని టేపులు కుప్పలు కుప్పలుగా పోయాయి. కోల్ట్రేన్ ప్రత్యామ్నాయ టేకులు కొన్ని 1975లోనే ఒక ఎల్పీగా బయటికొచ్చేశాయి.

పేర్ల దగ్గర కూడా మోసపోవచ్చు. సాక్సఫోన్ వాయించే కానన్‌బాల్ యాడర్లీ 'సమ్‌థింగ్ ఎల్స్', 1958 మార్చి 9న రికార్డు చేసింది. కొన్ని ముద్రణల్లో బోనస్ 'ఆలిసన్స్ అంకుల్', కొన్నింట్లో 'బంగూన్'. రెండూ ఒకటే రికార్డింగు. రెండు వేర్వేరు పాటలనుకుని రెండు ముద్రణలూ కొనుక్కున్న పాఠకుడికి నా సానుభూతి. ఒక్కటి నాకు పంపినా కాదనను.

ఇక నాకు అసలు కోపం తెప్పించే రకం. యూరప్‌లో పాత రికార్డింగులకి హక్కులు యాభై ఏళ్ళే ఉండేవి. 2013లో డెబ్భైకి పెంచారు గానీ, అప్పటికే గడువు తీరినవాటికి హక్కు తిరిగి రాలేదు. కాబట్టి 1962 దాకా విడుదలైన జాజ్ అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. చట్టం ఒప్పుకున్న పనే, తప్పు పట్టను. (మన చట్టంలో అరవై ఏళ్ళు. 1959లో విడుదలైనవాటికి 2019తో ఇక్కడా తీరిపోయింది.) చిక్కెక్కడంటే, ఇలా వేసే చిన్న కంపెనీల చేతిలో అసలు టేపులు ఉండవు. గిడ్డంగిలోంచి తీసి చూపించడానికి ప్రత్యామ్నాయ టేకులూ ఉండవు. మరి "ఆరు బోనస్ ట్రాకులు" ఎక్కణ్ణుంచి వస్తాయి? అదే కళాకారుడు మరో ఏడాది, మరో కంపెనీకి, మరో బృందంతో చేసిన ఎల్పీని ముక్కలు చేసి వెనకాల తగిలిస్తారు. మీరు 1959 నాటి క్వార్టెట్ (నలుగురి బృందం) వింటూ వింటూ ఉన్నట్టుండి 1954 నాటి క్విన్టెట్‌లో (ఐదుగురి బృందంలో) పడతారు. స్టూడియో మారుతుంది, శబ్దం మారుతుంది, ట్రంపెట్ ఎక్కడిదో వచ్చి చేరుతుంది. రెండో ఆల్బమ్ మంచిదే కావచ్చు. అప్పుడు "ఒక సీడీలో రెండు ఆల్బములు" అని రాసుకోవాలి. కొందరు నిజాయితీగా అలాగే రాస్తారు కూడా. "బోనస్" అని రాసేవాళ్ళతోనే తంటా. గుర్తు పట్టడం ఎలాగంటే, కొసరు పాటల పేర్లు చూడండి. ఒక్క పేరూ ఆల్బమ్ పాటలతో కలవకపోతే, అదే సెషన్‌లో మిగిలిపోయిన పాటేమో అని తేదీ చూడండి. తేదీ అదే రోజుదో, ఆ వారానిదో అయితే మిగిలిపోయిన పాట. ఏళ్ళ తేడా ఉంటే అతుకు. తేదీ ఇవ్వనే లేదా, కొనకండి. దుకాణంలో సీడీకి కవరు చుట్టి ఉండి లోపలి పుస్తకం చూడ్డం కుదరకపోతే రికార్డుల వివరాలుండే వెబ్‌సైటు డిస్కాగ్స్‌లో ఆ ముద్రణ క్యాటలాగ్ నంబరు కొట్టండి. ఆల్బమ్ పేరు కొడితే వందలు వస్తాయి. వెన్ను మీద ఉన్న నంబరు కొట్టండి.

ఒక్కోసారి కొసరు సంగీతం కూడా కాదు. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ 'మోనిన్' 1999 ముద్రణలో లీ మోర్గన్ ట్రంపెట్ వేడెక్కించుకుంటూ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్‌తో మాట్లాడే ముక్క ఉంది. నాకది ప్రాణం. 1958 అక్టోబర్ 30, హాకెన్‌శాక్‌లో వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి ముందు గది. బ్లూ నోట్ కంపెనీ ఆల్బములు చాలా పుట్టిన గది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు ఎడిసన్‌లో కారెక్కితే వెళ్ళిపోయేంత దూరంలో ఉంటుంది ఆ ఊరు. 1959లో ఆయన ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకుని వెళ్ళిపోయాడు.

బిల్ ఎవాన్స్ దగ్గరికి మళ్ళీ వస్తున్నాను, ఎందుకంటే మీలో ఎక్కువమంది కొన్నది ఆయన్నే. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బు. ఆ ఒక్క రోజు రికార్డింగులోంచే 'సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్', 'వాల్ట్జ్ ఫర్ డెబ్బీ' రెండూ వచ్చాయి. పదకొండు రోజులకి బేసిస్టు స్కాట్ లఫారో కారు ప్రమాదంలో పోయాడు. రెండు ఆల్బములకీ విడివిడిగా బోనస్ ముద్రణలున్నాయి. 2005లో ఆ రోజంతటినీ వాయించిన వరుసలో మూడు సీడీలుగా వేశారు. కరెంటు పోయి మధ్యలో తెగిన 'గ్లోరియాస్ స్టెప్' మొదటి టేకు కూడా అందులో ఉంది. బోనస్ సీడీలు రెండూ కొని, తర్వాత ఈ మూడు సీడీల పెట్టె కూడా కొంటే ఒకే సామానుకి రెండుసార్లు కట్టినట్టు. ఎవాన్స్ అంటే మనసు పడ్డవాళ్ళు నేరుగా పెట్టెకే వెళ్ళండి, లేకపోతే బోనస్ లేని ఒక్క ఎల్పీ చాలు. మామూలుగా పెట్టెలంటే నాకు పడదు, అటక మీదికి చేరతాయి. దీనికి మాత్రం మినహాయింపు.

డ్యూక్ ఎలింగ్టన్ న్యూపోర్ట్ 1956 ఆల్బమ్ గురించి ఒక్క మాట: సాక్సఫోనిస్టు పాల్ గాన్సాల్వెస్ 27 కోరస్‌ల (పాట వరుస 27 ఆవర్తాల) సోలో కంపెనీ మైకుకి దూరంగా, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి వెళ్ళింది. ఎల్పీలో కొంత భాగం స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు అతికించినదే. 1999 ముద్రణ రెండు టేపులనీ జతచేసి కచేరీని కచేరీగా ఇచ్చింది. పాతది కొనొద్దు.

అభ్యాసం. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', 1997 లేదా ఆ తర్వాతి ముద్రణ. (1992కి ముందు ముద్రణల్లో మొదటి వైపు మూడు పాటలు శ్రుతి కొంచెం పైకి ఉంటాయి, రికార్డింగు రోజు టేపు యంత్రం నెమ్మదిగా తిరిగింది.) చివర 'ఫ్లెమెంకో స్కెచెస్' ప్రత్యామ్నాయ టేక్ ఉంటుంది. 1959 ఏప్రిల్ 22, అసలు టేక్ రోజే, అదే మనుషులు. కాబట్టి తేడా అంతా వాయింపులోదే. పాటలో ఐదు స్కేళ్ళు వరుసగా వస్తాయి, ఒక్కోదాంట్లో ఎంతసేపు ఉండాలో సోలో వాయించేవాళ్ళ ఇష్టం. ఒకే ఆధార షడ్జమానికి అలవాటుపడ్డ చెవికి మొదట్లో తికమకగా ఉంటుంది: స్కేలు మారినప్పుడు కింద ఆధార స్వరం కూడా మారుతుంది. ఛాంబర్స్ బేస్‌ని పట్టుకుంటే దారి తప్పరు. నాలుగో స్కేలుది స్పానిష్ వాసన, దాన్ని ఎవరైనా పడతారు. అక్కణ్ణుంచి వెనక్కీ ముందుకీ లెక్కపెట్టుకోండి. మైల్స్, కోల్ట్రేన్, యాడర్లీ, ఎవాన్స్, మళ్ళీ మైల్స్: ఐదు సోలోలు, ఐదు స్కేళ్ళు, రెండు టేకులు. యాభై గడుల పట్టిక గీసి, ఎవరు ఏ స్కేలులో ఎన్ని బార్లు (తాళం ఆవర్తాలు) ఉన్నారో నింపి పంపండి. స్కేలు దాటిన చోటు తెలియని గడి ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు. కోల్ట్రేన్ వరుసతో మొదలుపెట్టండి.