డ్రమ్ అండ్ బేస్ ప్రొడ్యూసర్ కావాలంటే: బ్రిస్టల్ నుంచి నా అనుభవం

నెలకు ఒకరిద్దరైనా హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో మెసేజ్ పెడతారు, "అన్నా, డ్రమ్ అండ్ బేస్ చేయాలంటే ఏ ప్లగిన్ కొనాలి?" అని. డ్రమ్ అండ్ బేస్ అంటే వేగమైన డ్రమ్స్, లోతైన బేస్ మీద నడిచే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం. ప్లగిన్ అంటే సంగీతం సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించేది. ఏదీ కొనకండి. ల్యాప్‌టాప్, ఏబుల్టన్ గానీ ఎఫ్ఎల్ స్టూడియో గానీ (సంగీతం చేసే సాఫ్ట్‌వేర్లు), ఒక మంచి హెడ్‌ఫోన్. మొదటి రెండేళ్లకు ఇవి చాలు. ముందు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఈ సంగీతంలో మీ ట్యూన్‌కు మొదటి శ్రోత డీజే. అర్ధరాత్రి పెద్ద సిస్టమ్ మీద, ఇంకో ట్యూన్‌తో కలిపి దాన్ని వేయడానికి డీజేకు వీలుగా ఉండాలి. నలుగురు డీజేలు వేస్తే లేబుల్ (సంగీతం విడుదల చేసే కంపెనీ) కంట్లో పడతారు. బుకింగులు ఆ తర్వాతి మాట.

నేను 2011లో చదువు కోసం ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వచ్చాను. 1997లో 'న్యూ ఫార్మ్స్' ఆల్బమ్‌కు మెర్క్యురీ ప్రైజ్ (బ్రిటన్‌లో ఏటా ఇచ్చే ఆల్బమ్ అవార్డు) గెలిచిన డ్రమ్ అండ్ బేస్ కళాకారుడు రోనీ సైజ్ బృందం ఈ ఊరిదే. మొదటిసారి క్లబ్బుకు వెళ్లిన రాత్రి బేస్ నాకు చెవుల కంటే ముందు ఛాతీకి తగిలింది. చిన్నప్పుడు తెనాలిలో ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నాను కాబట్టి ఒక సంగతి వెంటనే పట్టుబడింది. డ్రమ్స్ నిమిషానికి 174 బీట్లతో పరుగెడుతున్నా జనం తలలు 87కే ఊగుతున్నాయి. మొదటి కాలం, రెండో కాలం అంటామే, అదే ఇది. తాళం వేసే చెయ్యి నెమ్మదిగానే కదులుతుంది, మృదంగం మీద వేళ్లు రెట్టింపు వేగంతో వెళ్తాయి. తాళం తప్పకుండా వేయడం వచ్చినవాళ్లకు ఇక్కడ సగం దారి తెలిసినట్టే.

కాబట్టి ముందు డ్రమ్స్. టెంపో 174 పెట్టి, ఒక బార్‌ను (నాలుగు బీట్ల ముక్క) 16 గళ్లు చేయండి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 1, 11 గళ్లలో, స్నేర్ (గరగరలాడే చిన్న డ్రమ్) 5, 13 గళ్లలో. పునాది ఇంతే. దీనికి ప్రాణం పోసేవి మధ్యలో వినీ వినిపించనట్టు పడే చిన్న స్నేర్ దెబ్బలు. వాటిని గడికి సరిగ్గా అతికించకుండా కొంచెం ఆలస్యంగా పడేలా జరపండి. నేను ఒక నెలంతా బేస్ జోలికి పోకుండా రోజుకో డ్రమ్ లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ముక్క) చేశాను. ఆ నెల సాధన ఇప్పటికీ పనికొస్తోంది.

ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి బ్రేక్‌నూ (పాత పాటల్లో డ్రమ్స్ ఒక్కటే మోగే ముక్క) కోసి వాడేయకండి. ఈ సంగీతమంతా ఏడు సెకన్ల డ్రమ్స్ మీద పెరిగింది. అమెరికాకు చెందిన ది విన్‌స్టన్స్ బృందం 1969లో చేసిన 'అమెన్, బ్రదర్'లో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన నాలుగు బార్లు అవి. ఎన్ని వేల పాటల్లోకి వెళ్లినా ఆయనకు రాయల్టీ రాలేదు. 2006లో అలాగే చనిపోయారు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి, బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 24,000 పౌండ్లు ఇచ్చారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. మీ ఊళ్లో డ్రమ్మర్ ఉంటే ఒక పూట డబ్బిచ్చి రికార్డ్ చేసుకోండి, పేరు కూడా వేయండి.

మన వాద్యాలు వాడటం కొత్త కాదు. తొంభైల్లో లండన్ హాక్స్టన్ స్క్వేర్‌లోని బ్లూ నోట్ క్లబ్బులో ఆదివారం డ్రమ్ అండ్ బేస్ ప్రొడ్యూసర్ గోల్డీ వాళ్ల మెటల్‌హెడ్జ్, సోమవారం తబలా వాయించే టాల్విన్ సింగ్ 'అనోఖా' అనే క్లబ్ రాత్రులు నడిచేవి. అయితే మృదంగం లూప్‌ను పైన అతికిస్తే సరిపోదు, శ్రుతి చూడాలి. నా మృదంగం సి శ్రుతిది (సి, ఎఫ్, జి పాశ్చాత్య స్వరాల పేర్లు). ఎఫ్‌లో చేసిన ట్యూన్‌కు అది పంచమం అవుతుంది కాబట్టి హాయిగా కలిసింది. ఎఫ్ షార్ప్‌లో చేసినదానితో పోట్లాడింది.

ఇక సబ్ బేస్, అంటే అన్నిటికంటే కింద ఉండే బేస్. ఎఫ్ అంటే దాదాపు 44 హెర్ట్జ్, జి అంటే 49. క్లబ్ సిస్టమ్ మీద గట్టిగా పలికే స్వరాలు ఇవి. వీటి కిందికి మరీ దిగితే చిన్న సిస్టమ్‌లలో బేస్ మాయమవుతుంది. సబ్ ఎప్పుడూ మోనోలోనే (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని) ఉండాలి. నా ట్యూన్ మొదటిసారి క్లబ్బులో పడిన రాత్రి, డ్రాప్ (డ్రమ్స్, బేస్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) రాగానే బేస్ లేదు. హెడ్‌ఫోన్‌లో బాగుందని స్టీరియోలో వెడల్పు చేశాను, అక్కడి సిస్టమ్ మోనో, ఎడమ కుడి కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. డాన్స్ ఆగిపోయి జనం మందు కౌంటర్ వైపు వెళ్లడం కళ్లారా చూశాను. అప్పటి నుంచి మోనో బటన్ నొక్కి వినకుండా ఏ ఫైలూ పంపను.

నిర్మాణం విషయంలో లెక్క తప్పకండి. 174లో 16 బార్లంటే 22 సెకన్లు. మొదట 32 బార్లయినా డ్రమ్స్‌తో సాదాగా ఉంచితే డీజేకు కలపడానికి చోటు దొరుకుతుంది. మార్పులన్నీ 16 బార్లకోసారి రావాలి. డీజేలు రెండు ట్యూన్ల డ్రాప్‌లు ఒకేసారి పడేలా వేస్తారు. దాన్ని డబుల్ డ్రాప్ అంటారు, ఆండీ సీ అనే డీజేకి అందులో పెద్ద పేరు. మీ బార్లు లెక్కలో లేకపోతే అక్కడ మీ ట్యూన్ పనికిరాదు.

ట్యూన్లు పూర్తి చేయండి. బాగా రాకపోయినా నెలకు రెండు. నాది మొదటిసారి లేబుల్ తీసుకునేసరికి 43 ట్యూన్లు పూర్తయ్యాయి.

పంపేటప్పుడు ముప్పై లేబుళ్లకు ఒకే మెయిల్ కొట్టొద్దు. మీ శైలికి దగ్గరగా ఉన్న ఒక్కరికి రెండు ట్యూన్లు, డౌన్‌లోడ్ చేసుకోగల ప్రైవేట్ లింక్, రెండు వాక్యాలు. ఫైల్ పేరులో మీ పేరు, ట్యూన్ పేరు ఉండాలి. ఊళ్లో ఆడే చిన్న డీజేలకు ముందే ఇవ్వండి. ఒకప్పుడు విడుదల కాని ట్యూన్‌ను డబ్‌ప్లేట్‌గా (ఒకటి రెండు కాపీలే చేసే రికార్డు) కట్ చేయించి ఇచ్చేవారు, ఇప్పుడు యూఎస్‌బీ.

లేబుల్ తీసుకున్నవాటిలో నా రెండో ట్యూన్‌ను ఒక చిన్న లేబుల్ 14 నెలలు విడుదల చేయలేదు. నా చేతిలో కాగితం లేదు. అందుకని ఇప్పుడు సంతకానికి ముందు రెండు అడుగుతాను. లాభం సగం సగం ఉండాలి. 12 నెలల్లో విడుదల చేయకపోతే హక్కులు నాకు తిరిగి రావాలి.

డబ్బు సంగతి. స్ట్రీమింగ్‌తో ఇల్లు గడవదు. నేను వారానికి నాలుగు రోజులు ఆఫీసు ఉద్యోగం చేస్తాను. మిగతాది డీజే రాత్రులు, శాంపిల్ ప్యాకులు (ఇతరులు వాడుకునేలా అమ్మే శబ్దాల కట్టలు), ఇతరులకు మిక్సింగ్. మొదట్లో నాన్నకు చాలా టెన్షన్. నెల నెలా ఖర్చులు, రాబడి రాసి పంపడం మొదలుపెట్టాక అడగడం మానేశారు. బ్రిటన్‌లో ట్యూన్ రాసినందుకు పీఆర్ఎస్, రికార్డింగ్‌కు పీపీఎల్ వేరువేరుగా రాయల్టీ వసూలు చేసి ఇస్తాయి. మీరు ఇండియాలో ఉంటే రచన హక్కుల కోసం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. ఆ పని వాయిదా వేయకండి, ప్రతి ట్యూన్‌నూ అక్కడ నమోదు చేయండి. నేను రెండేళ్లు ఆలస్యం చేశాను.