ఒత్తిడిలో ఏకాగ్రత – మూడవ పాఠం: సర్వీసుకు ముందు ఐదు సెకన్లు

గత రెండు పాఠాలలో శ్వాసను, చూపును విడివిడిగా సాధన చేశాము. ఈసారి ఆ రెండింటినీ ఒక వరుసలో కూర్చి, బ్యాడ్మింటన్ డబుల్స్‌లో షార్ట్ సర్వీసుకు (షటిల్‌ను నెట్‌ను ఆనుకున్నట్టు దాటించి దగ్గరలోనే పడేలా చేసే సర్వీసు) ముందు ప్రతిసారీ ఒకే తీరుగా పాటించే క్రమంగా మలచుకుందాము. సర్వీసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ర్యాలీలో షటిల్ వెంట పరుగెత్తుతున్న ఆటగాడికి తన గురించి ఆలోచించుకునే తీరిక ఉండదు. సర్వీసు చేసేవాడికి ఆ తీరిక దొరుకుతుంది. ఒత్తిడి చొరబడేది అందులోనే. పైగా టెన్నిస్‌లో వలె ఇక్కడ రెండవ సర్వీసు ఉండదు.

అమెరికా రైఫిల్ షూటర్ మాథ్యూ ఎమన్స్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల మూడు భంగిమల (మోకాలిపై, పడుకుని, నిలబడి కాల్చే) పోటీ ఫైనల్‌లో చివరి షాటుకు ముందు 3 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. ఆ చివరి తూటా పక్క ఆటగాడి లక్ష్యానికి తగిలింది. దానికి సున్నా వేయడంతో అతడు స్వర్ణం చేజార్చుకుని ఎనిమిదవ స్థానానికి పడిపోయాడు. మామూలుగా అతడు లక్ష్యం పైనున్న అంకెను ముందుగా చూసి, అక్కడి నుంచి చూపును కిందికి దించుకునేవాడు. ఆ ఒక్కసారి మాత్రం తనను తాను శాంతపరచుకునే ప్రయత్నంలో పడి అంకెను చూడలేదు. (2008 బీజింగ్‌లోనూ అతడు చివరి షాటులో నష్టపోయాడు గాని, అది వేలు ట్రిగ్గర్‌ను అనుకున్నదానికంటే ముందే తాకడం వల్ల జరిగింది కనుక మన పాఠానికి అంతగా పనికిరాదు. దురదృష్టవంతుడని పేరుపడిన ఈ ఆటగాడు ఏథెన్స్‌లోనే ప్రోన్ (పడుకుని కాల్చే) పోటీలో స్వర్ణం, 2012 లండన్‌లో ఇదే మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచాడన్నది కూడా గుర్తుంచుకోవాలి.)

ఏథెన్స్ షాటులో అతడి ఏకాగ్రత చెదిరిందనడం సరికాదు. అది పూర్తిగా మనసును అదుపు చేసుకోవడం మీదే ఉంది. అందుకే “కంగారు పడకు” అని తనకు తాను చెప్పుకోవడాన్ని నేను సాధనగా లెక్కించను. ఆ మాట మనసుకు చేయవలసిన పని ఏదీ చూపదు. దానికి బదులు చూడవలసిన వస్తువును, చేయవలసిన పనిని ముందే నిర్ణయించి పెట్టుకోవాలి.

మన క్రమం స్కోరుతో మొదలవుతుంది. షటిల్ చేతికి రాగానే మీ జట్టు స్కోరును పెదవుల మీద పలకండి. సరి సంఖ్య అయితే కుడి కోర్టు, బేసి అయితే ఎడమ కోర్టు. అందుకోవలసిన ఆటగాడు ఎవరో ఒకసారి చూడండి. ఎమన్స్ వదిలేసిన అంకె వంటిదే ఇది, కాబట్టి ఎంత తొందరలోనైనా దీనిని దాటవేయకూడదు. తరువాత ఒక్క దీర్ఘ నిశ్వాసం. ఆపైన నెట్ అంచున ఉన్న తెల్లని టేపు మీద, షటిల్ ఏ చోటికి పైగా దాటాలో ఆ చోట చూపు నిలిపి, రాకెట్ షటిల్‌ను తాకేవరకు కదల్చకుండా ఉంచండి. అనవసర జాప్యాన్ని నియమాలు అనుమతించవు. అందువల్ల ఇదంతా ఐదు సెకన్లలో ముగియాలి.

చూపు టేపు మీద ఉన్నప్పుడు మణికట్టు గురించి, మోచేయి గురించి ఆలోచించకూడదు. 2001లో మనస్తత్వ శాస్త్రవేత్తలు సియాన్ బైలాక్, థామస్ కార్ గోల్ఫ్ పటింగ్ (బంతిని మెల్లగా కొట్టి రంధ్రంలోకి దొర్లించడం) మీద జరిపిన ప్రయోగాలు ప్రచురించారు. బాగా అలవాటైన కదలికను ఒత్తిడిలో అంచెలంచెలుగా గమనించబోతే అది చెడిపోతుందన్న వాదనకు ఆ ఫలితాలు బలమిచ్చాయి. కెమెరా తమను చిత్రీకరిస్తుండగా సాధన చేసినవారు మాత్రం తరువాతి ఒత్తిడిని తట్టుకోగలిగారు. సర్వీసులో షటిల్ మొత్తం 1.15 మీటర్ల ఎత్తుకు దిగువన ఉండగానే కొట్టాలన్న నియమాన్ని సాధనలోనే చేతికి అలవాటు చేయాలి. మ్యాచ్‌లో దానిని తలచుకోవడం మొదలుపెడితే చేయి బిగుసుకుంటుంది.

ఈ వారం సాధన ఇలా సాగాలి. ప్రతి గేమ్‌నూ ముగింపు దగ్గరపడిన స్కోరు 18-18 నుంచి ప్రారంభించండి. ఒక స్నేహితుడు సెల్‌ఫోన్‌తో చిత్రీకరిస్తూ ఉండాలి. ఆ వీడియోను తరువాత చూడకపోయినా నష్టం లేదు, కెమెరా ఉన్నదన్న ఎరుకే మనకు కావలసింది. ఇదంతా సాధన ఆరంభంలో కాక, కాళ్లు బరువెక్కిన తరువాత చేయాలి. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో పి.వి. సింధు, నొజోమి ఒకుహరా 110 నిమిషాలు పోరాడగా, మూడవ గేమ్ 22-20తో ఒకుహరాకు దక్కింది. 20-20 వద్ద సర్వీసు చేయవలసిన శరీరం తాజాగా ఉండదు. అలసటలో నిలవని క్రమాన్ని ఇంకా కుదించుకోవాలి. ఏదైనా తీసివేయవలసి వస్తే శ్వాసను తీసివేయండి, స్కోరును వద్దు.

ప్రతి సర్వీసు తరువాత పాయింటు వచ్చిందా పోయిందా అన్నది కాక, రాకెట్ తగిలిన క్షణాన మీరు దేనిని చూస్తున్నారో గుర్తుపెట్టుకుని, గేమ్ ముగిశాక నోటుపుస్తకంలో రాయండి: టేపు, ప్రత్యర్థి, రాకెట్, లేదా “తెలియదు”. “తెలియదు” ఎక్కువగా వస్తే దిగులు పడనక్కరలేదు, మొదట్లో చాలామందికి అలాగే వస్తుంది. నాలుగవ పాఠంలో సర్వీసును అందుకునేవారి చూపును తీసుకుంటాము. అప్పుడు ఈ నోటుపుస్తకంతోనే పని మొదలవుతుంది.