ప్రాంగణంలో నిర్మాణ స్థలం చుట్టూ ప్రచార రేకుల కంచె కట్టే ముందు జాగ్రత్తలు

కాకతీయ విశ్వవిద్యాలయం వంటి విశాలమైన ప్రాంగణంలో కొత్త భవనం చుట్టూ పేరు, చిహ్నం ముద్రించిన కంచె కట్టేటప్పుడు రక్షణే మొదటి అవసరం, ప్రచారం ఆ తర్వాతిది.

ఏప్రిల్, మే నెలల్లో ఓరుగల్లులో ఈదురుగాలులతో అకాల వర్షాలు కురుస్తాయి కాబట్టి, ఫ్లెక్సీ బిగించిన రేకు తెరచాపలా గాలికి ఉబ్బి పడిపోకుండా, గుంజలను కాంక్రీటులో పాతి, వెనుక ఏటవాలు ఊతాలు తప్పక బిగించాలి. విద్యార్థులు నడిచే వైపు స్క్రూల మొనలు, కోసిన రేకు అంచులు బయటికి పొడుచుకొని ఉన్నాయేమో దగ్గరగా చూడాలి.

దారి మలుపుల్లో రేకుకు బదులు జాలీ పెట్టాలి. లేకుంటే ఎదురుగా వచ్చే వాహనం కనబడదు. అగ్నిమాపక వాహనం వెళ్లే దారిని మూయరాదు. చెట్లకు మేకులు కొట్టవద్దు.

చిహ్నం వాడకానికి రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి లిఖితపూర్వక అనుమతి పొందాలి. ముద్రణకు ముందు ‘విశ్వవిద్యాలయం’లోని ఒత్తులు చెదరలేదని నమూనాలో సరిచూడాలి, చదువుల ప్రాంగణంలో అక్షరదోషం సహించదగినది కాదు.