పాత వైద్య గ్రంథాలు చదవడం ఎలా? 4వ పాఠం: చూసింది, చేసింది, నమ్మింది

పోయినసారి 'పవిత్ర వ్యాధి' దగ్గర ఆగాం. క్రీ.పూ. 400 ప్రాంతంలో గ్రీకులో రాసిన ఆ చిన్న రచన పేరుమోసిన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీద చెలామణీ అవుతోంది గానీ, రాసింది ఆయనేనని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. మూర్ఛ దేవుళ్ల శాపం కాదు, మిగతా జబ్బుల్లాంటిదే, దాని మూలం మెదడులో ఉంది అన్నది అందులోని వాదన. అంతవరకు మనకు నచ్చుతుంది. కానీ కఫం రక్తనాళాల్లోకి దిగి గాలికి అడ్డుపడడం వల్ల మూర్ఛ వస్తుందని కూడా అదే రచయిత అంటాడు. తప్పని తేలిపోయిన ఇలాంటి మాటల్ని ఇవాళ ఎందుకు చదవాలి, ఎలా చదవాలి అన్నదే ఈ వారం నేర్చుకోబోయే పని.

నోట్‌బుక్‌లో ఒక పేజీని మూడు నిలువు గడులుగా గీసుకోండి. మొదటి దానిపైన 'చూసింది', రెండో దానిపైన 'చేసింది', మూడో దానిపైన 'నమ్మింది' అని రాయండి. చదువుతున్న ప్రతి వాక్యాన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకదాంట్లో వేయాలి. ఎక్కడ వేయాలో తేలకపోతే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ వైద్యుడి సిద్ధాంతాన్ని ఒప్పుకోని ఇంకో వైద్యుడు ఆ పక్కనే నిలబడి ఉంటే, ఆయన కూడా ఇదే చెప్పేవాడా? చెప్పేవాడే అనిపిస్తే మొదటి గడి. లేదంటే మూడోది.

ముందు చిన్న సాధన. మూర్ఛ వచ్చేముందు అలవాటైన రోగులకు ఆ సంగతి తెలిసిపోతుందనీ, ఇల్లు దగ్గరైతే ఇంటికి, లేకపోతే ఎవరూ లేని చోటికి పోయి ముసుగేసుకుంటారనీ 'పవిత్ర వ్యాధి' చెబుతుంది. చిన్నపిల్లలు మొదట్లో ఎక్కడుంటే అక్కడే పడిపోతారు. కొన్నిసార్లు వచ్చాక మాత్రం, వస్తోందని తెలియగానే భయంతో తల్లి దగ్గరికో తెలిసిన వాళ్ల దగ్గరికో పరుగెత్తుతారు. పెద్దవాళ్లు దాక్కునేది సిగ్గుతో, పిల్లలకు ఇంకా ఆ సిగ్గు తెలియదు అంటాడు రచయిత. తల్లి దగ్గరికి పరుగెత్తడం మొదటి గడిలోకి పోతుంది. మరి భయం, సిగ్గు? అవి కంటికి కనిపించేవి కావు, ఆయన ఊహించినవి. మూడో గడిలో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. నేనైతే ఆ ఊహ సరైనదనే అనుకుంటాను. మనస్తత్వశాస్త్రం అనే శాఖ పుట్టడానికి రెండు వేల ఏళ్లకు పైగా ముందే, ఒక వైద్యుడు పెద్దల ప్రవర్తననీ పిల్లల ప్రవర్తననీ పక్కపక్కన పెట్టి కారణం వెతికాడు.

ఇప్పుడు అసలు పాఠం. గ్రీకు వైద్యుడు గాలెన్ క్రీ.శ. 129లో పెర్గమోన్‌లో (ఇవాళ్టి టర్కీలో) పుట్టి, 162లో రోమ్ చేరాడు. రోగం ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టడం గురించి 178లో రాసిన గ్రంథంలో జస్టస్ అనే ఆయన భార్య సంగతి చెబుతాడు.

ఆమెకు రాత్రుళ్లు నిద్ర లేదు. పక్క మీద అటూ ఇటూ దొర్లుతోంది. గాలెన్ చూశాడు, జ్వరం లేదు. ప్రశ్నలు వేస్తే జవాబు సరిగా చెప్పలేదు. చివరికి అటు తిరిగి, ఒళ్లంతా దుప్పట్లు కప్పుకుని, తల మీద ఇంకో గుడ్డ వేసుకుని పడుకుంది. నల్ల పిత్తం (ఒంట్లో ఉంటుందని అప్పటి వైద్యులు నమ్మిన నాలుగు ద్రవాల్లో ఒకటి) వల్ల వచ్చిన దిగులైనా అయి ఉండాలి, లేదా పైకి చెప్పుకోలేని బాధైనా ఉండాలి అనుకున్నాడు. తర్వాత వెళితే పనిమనిషి గుమ్మంలోంచే పంపేసింది. ఇంకో రోజు ఆయన అక్కడ ఉండగా, నాటకశాల నుంచి వచ్చిన ఎవరో పిలాడిస్ అనే నర్తకుడి నాట్యం చూశానన్నారు. ఆమె చూపు మారింది, ముఖంలో రంగు మారింది. గాలెన్ వెంటనే మణికట్టు పట్టుకున్నాడు. నాడి గతి తప్పింది.

చాలామంది వైద్యులు ఇక్కడితో ఆగి, తెలిసిపోయిందని చెప్పేసేవాళ్లు. గాలెన్ ఆగలేదు. మర్నాడు తను అక్కడ ఉండగా, తన మనిషి ఒకరు వచ్చి మార్ఫస్ అనే ఇంకో నర్తకుడు నాట్యం చేస్తున్నాడని చెప్పేలా ఏర్పాటు చేశాడు. నాడిలో మార్పు లేదు. ఆ మర్నాడు మూడో నర్తకుడి పేరు చెప్పించాడు. అప్పుడూ లేదు. నాలుగో రోజు మళ్లీ పిలాడిస్ పేరు. నాడి అల్లకల్లోలమైంది. ఆమె ప్రేమ పిలాడిస్ మీదేనని గాలెన్ తేల్చుకున్నాడు.

మీ పేజీ ఒకసారి చూసుకోండి. మార్ఫస్ పేరు చెప్పించడం రెండో గడిలోది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనది అదే. వేరే పేర్లు వింటే ఆమె నాడి ఎగరదు అని తేల్చుకోకపోతే పిలాడిస్ పేరుకు అర్థమే లేదు. 'నల్ల పిత్తం' మూడో గడి. ప్రేమకంటూ ప్రత్యేకమైన నాడి ఏదీ లేదని, మనసు కలత పడితే నాడి క్రమం తప్పుతుందని మాత్రమే ఆయన చెప్పాడు. అది కూడా మూడో గడిలోదే.

ఈ విద్య అక్కరకొచ్చే చోటు బెంగళూరులో హోసూరు రోడ్డు మీదే ఉంది. మానసిక, నాడీ జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రిలో డాక్టరు కోసం కూర్చున్న వాళ్ల మధ్య కన్నడంతో పాటు అనంతపురం, చిత్తూరు తెలుగు కూడా వినిపిస్తుంది. ఒక తల్లి ఇలా చెప్పిందనుకోండి: "పండగ అయిన కాణ్ణుంచి మావోడు రేత్రిళ్లు నిద్దర పోడం లేదు సార్. రెండు గంటలప్పుడు లేసి వాకిట్లో కూర్చుంటాడు. పిలిస్తే పలకడు. ముద్ద చేత్తో పట్టుకుని అట్నే చూస్తాంటాడు. ఎవురో ఏదో చేసినారు." చివరి వాక్యం తప్ప మిగతాదంతా మొదటి గడిలోకే పోతుంది, ఎంత పనికొచ్చే సమాచారమో చూడండి. చివరి వాక్యాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. ముందు ఎవరి దగ్గరికి తీసుకెళ్లారో, ఏ మందు వాడతారో, ఏది మధ్యలో మానేస్తారో దాన్నిబట్టే తెలుస్తుంది.

అందుకే రెండో మెట్టు చాలా ముఖ్యం. విడదీసిన గడుల్ని మళ్లీ కలపాలి. మూడో గడి నుంచి మొదటి గడికి బాణం గీస్తూ, ఈ నమ్మకం లేకపోతే ఆయన ఇది చూసేవాడా అని అడగండి. ప్లేటో చెప్పినట్టే ఆత్మకు మూడు భాగాలున్నాయని గాలెన్ నమ్మాడు: వివేకం మెదడులో, కోపతాపాలు గుండెలో, కోరిక కాలేయంలో. స్టోయిక్ తత్వవేత్త క్రిసిప్పస్ మాత్రం మనసంతా గుండెలోనే అన్నాడు. మాట ఛాతీ నుంచి వస్తుంది కాబట్టి ఆలోచన కూడా అక్కడే ఉంటుందన్నది స్టోయిక్కుల వాదన. గాలెన్ రోమ్‌లో నలుగురి ముందు పందిని కోసి, మెదడు నుంచి గొంతుకు పోయే నరాన్ని బిగించి చూపించాడు. అరుస్తున్న పంది గొంతు ఆగిపోయింది. తత్వవేత్తల తగువు కత్తి దగ్గరికి వచ్చింది. ఉత్తమ వైద్యుడు తత్వవేత్త కూడా అయి ఉంటాడని చిన్న గ్రంథమే రాసిన మనిషి ఆయన. మనసు కలత ఒంట్లో కనిపించి తీరుతుందని నమ్మాడు గనకే, ఆమె ముఖం రంగు మారగానే చెయ్యి మణికట్టు మీదికి పోయింది. ఆ నమ్మకం లేనివాడు ఆ క్షణాన్ని గమనించేవాడే కాదు. సిద్ధాంతం తప్పైనా చూపును సరైన చోటికి తిప్పగలదు. తప్పు చోటికీ తిప్పగలదు. ఏది జరిగిందో కేసు కేసుకీ విడిగా తేల్చుకోవాలి.

ఎనిమిది వందల ఏళ్ల తర్వాత పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా (980–1037) తన వైద్య గ్రంథంలో ప్రేమ రోగానికి ఇదే పద్ధతి చెప్పాడు: నాడి పట్టుకుని పేర్లు, ఊళ్లు ఒకటొకటిగా చదువుతూ పోవాలి. ఇవాళ మనం అడ్రినలిన్ అని, నాడీ వ్యవస్థ అని వివరిస్తాం. మూడో గడి మారుతూ వచ్చింది, మొదటి రెండూ పెద్దగా మారలేదు.

ఈ వారం అభ్యాసం: తెలుగు తాత్పర్యం ఉన్న చరక సంహితలో నిదానస్థానం 7వ అధ్యాయం, ఉన్మాదం గురించినది, తీసుకోండి. ఉన్మాదాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాత (ఆ మూడూ కలిసినది), ఆగంతు (దేవతలు, పిశాచాల వంటి బయటి కారణాలతో వచ్చేది) అని ఐదు రకాలుగా అక్కడ విభజించారు. వాత ఉన్మాద లక్షణాలు చెప్పే భాగాన్ని మాత్రమే మూడు గడుల్లోకి సర్దండి. తర్వాత, తనను తాను పాడుచేసుకోని మనిషిని దేవతలు, గంధర్వులు, పిశాచాలు, రాక్షసులు బాధపెట్టరని చెప్పే శ్లోకం అదే అధ్యాయంలో వెతకండి. ఆగంతు ఉన్మాదాన్ని ఒప్పుకున్న గ్రంథమే ఈ మాట ఎలా అంటోందో ఒక పేరా రాయండి. వచ్చే పాఠం సూత్రస్థానం 11వ అధ్యాయం మీద: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అనే నాలుగు పరీక్షలు. మీరు రాసిన పేరా అప్పుడు చేతిలో ఉండాలి, దాన్నే ఆ నాలుగింటితో పరీక్షిస్తాం.