చేయి నమూనా లెక్క తేడా కొడుతోందా? కోణం దగ్గర మొదలుపెట్టి వెతకండి

శరీర కదలికలను లెక్కగట్టే ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయి నమూనాకు ఏ డేటా ఇచ్చినా ఏదో ఒక గ్రాఫ్ గీసి పెడుతుంది. దాన్ని చూసి ఒక డాక్టర్ ఆపరేషన్ గురించో, బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ గురించో ఆలోచిస్తారు కాబట్టి, తప్పు గ్రాఫ్‌ను ముందే పట్టుకోవాలి. ఇక్కడి ఉదాహరణలు చాలావరకు 2005లో కేథరిన్ హోల్జ్‌బౌర్, వెండీ మరే, స్కాట్ డెల్ప్ ప్రచురించిన నమూనా చుట్టూ తిరుగుతాయి. భుజం నుంచి వేళ్ల దాకా 15 కదలికలు, 50 కండర భాగాలు ఉన్న నమూనా అది. తర్వాత వచ్చిన చాలా నమూనాలు దాని మీదే కట్టారు.

వెతికే వరుస ముఖ్యం. ముందు కీళ్ల కోణాలు, తర్వాత టార్క్‌లు (కీలును తిప్పే బలం), ఆ తర్వాత మొమెంట్ ఆర్మ్‌లు (కీలు అక్షం నుంచి కండరం లాగే గీతకు ఉన్న దూరం), కండరాల పొడవులు, అన్నిటికంటే చివర బలాలు. బలం గ్రాఫ్‌లో కనిపించే తప్పు చాలాసార్లు పై మెట్టులో పుట్టి కిందికి జారినదే. కండరాల సెట్టింగులు మార్చడంతో మొదలుపెడితే వారం రోజులు పోతాయి, తప్పు అక్కడే ఉంటుంది.

చేయి కదలకుండా వేలాడుతోంది, భుజం కోణాలు మాత్రం గంతులేస్తున్నాయి

కెమెరాల కోసం చర్మం మీద అంటించిన మార్కర్లు ఊడిపోయాయేమో అని టెన్షన్ పడక్కర్లేదు. భుజాన్ని మూడు తిప్పుళ్లుగా చెబుతారు: చేయి ఏ తలంలో లేస్తోంది, ఎంత లేచింది, దండచేయి తన చుట్టూ తాను ఎంత తిరిగింది. 2005లో అంతర్జాతీయ బయోమెకానిక్స్ సంఘం సూచించిన వరుస కూడా ఇదే. చేయి కిందికి వేలాడినప్పుడు రెండో కోణం సున్నాకు దగ్గరవుతుంది. అప్పుడు మొదటి తిప్పుడు, మూడో తిప్పుడు ఒకే అక్షం మీద పడతాయి. రెండింటి మొత్తానికే అర్థం ఉంటుంది. విడివిడిగా ఒకటి 70 అని, ఇంకొకటి మైనస్ 70 అని చెప్పినా చేయి అక్కడే ఉంటుంది.

అందుకని విశ్రాంతి భంగిమలో ఆ రెండు కోణాలను విడిగా రిపోర్టులో పెట్టొద్దు, వాటి మొత్తం చూపించండి. మార్కర్ల నుంచి కోణాలు లెక్కించే ఇన్వర్స్ కైనమాటిక్స్‌లో మొదటి కోణానికి చిన్న వెయిట్ ఇచ్చి ఒక విలువ దగ్గర పట్టి ఉంచితే గంతులు ఆగుతాయి. చేయి కాస్త లేచాక ఆ వెయిట్ ప్రభావం కోణాల మీద పడుతోందా లేదా అని మాత్రం ఒకసారి చూసుకోండి.

తల దువ్వుకునే కదలికలో దండచేయి మెలిక తక్కువగా వస్తోంది

చర్మం వల్ల. ఎముక తిరిగినంతగా దండచేతి మీది చర్మం తిరగదు, దాని మీది మార్కర్లూ తిరగవు. మోచేయి వంగి ఉన్న పనుల్లో ముంజేతి దిశను బట్టి మెలిక లెక్కించండి. మోచేయి చాచినప్పుడు ఈ ఉపాయం పనిచేయదు.

రోగి భుజం ఎగరేస్తున్నారు, నమూనా మాత్రం అలా చేయడం లేదు

క్లినిక్‌లో ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా అభిప్రాయం. షుగర్ ఉన్నవాళ్లలో తరచూ కనిపించే ఫ్రోజెన్ షోల్డర్ తీసుకోండి. బంతి గిన్నె కీలు బిగుసుకుపోయి ఉంటుంది, అందుకని మనిషి భుజఫలకాన్ని (వీపు మీది రెక్క ఎముకను) పైకి లాగి చేయి ఎత్తినట్టు కానిస్తాడు. పక్షవాతం తర్వాత కూడా ఇలాంటి ఎగరేత కనిపిస్తుంది. 2005 నమూనాలో భుజఫలకానికి సొంత స్వేచ్ఛ లేదు. చేయి ఎంత లేస్తే అది ఎంత తిరగాలో ఆరోగ్యవంతుల కొలతల నుంచి తీసిన సూత్రం ముందే నిర్ణయిస్తుంది. కాబట్టి రోగి అసలు ఇబ్బందిని నమూనా చూడనే చూడదు. మార్కర్ ఎర్రర్ (అసలు మార్కర్‌కు, నమూనా మార్కర్‌కు మధ్య తేడా) కొంచెం పెరుగుతుంది, కోణాలు మామూలుగా కనిపిస్తాయి, కీలు బాగానే కదులుతోందని రిపోర్టు వెళ్లిపోతుంది.

ఇలాంటి రోగులకు భుజఫలకం ఛాతీ గూడు మీద జారే నమూనా కావాలి. 2016లో అజయ్ సేథ్ బృందం ప్రచురించిన స్కాపులో-థొరాసిక్ కీలు అందుకోసమే. భుజం పైకొన మీద మార్కర్ల గుత్తి పెట్టండి. చేయి బాగా పైకి లేచాక భుజం మీది డెల్టాయిడ్ కండరం ఉబ్బి ఆ గుత్తిని కదిలించేస్తుంది, అక్కడి నుంచి దాన్ని పూర్తిగా నమ్మకండి. ఇంత సామగ్రి లేకపోతే, ఈ పరీక్షలో భుజఫలకాన్ని కొలవలేదని రిపోర్టులో స్పష్టంగా రాయండి.

చేతిలో ఏమీ లేదు, మోచేయి దగ్గర టార్క్ ఎక్కువగా ఉంది

కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. 60 కిలోల మనిషిలో ముంజేయి, అరచేయి కలిపి శరీర బరువులో సుమారు 2.2 శాతం, అంటే 1.3 కిలోలు. ఆ బరువు కేంద్రం మోచేయి నుంచి దాదాపు 17 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ముంజేయి నేలకు సమాంతరంగా ఉంటే టార్క్ 2.2 న్యూటన్ మీటర్ల దగ్గర రావాలి. మీ అంకె దీనికి దూరంగా వస్తే కండరాల జోలికి వెళ్లకండి. మోషన్ క్యాప్చర్ ల్యాబులు చాలావాటిలో జెడ్ అక్షం పైకి ఉంటుంది, ఓపెన్‌సిమ్‌లో వై అక్షం పైకి ఉంటుంది. తిప్పకుండా డేటా ఎక్కిస్తే నమూనాలోని మనిషి పడుకుని పని చేస్తున్నట్టు లెక్క వస్తుంది. మిల్లీమీటర్లు, మీటర్లు కలిసిపోవడం రెండో అనుమానితుడు. మూడోది ఫిల్టర్: వడగట్టని మార్కర్ల నుంచి త్వరణం తీస్తే ప్రతి చిన్న వణుకూ టార్క్ అవుతుంది. నెమ్మది కదలికలకు 6 హెర్ట్జ్ దాటిన వణుకులను తగ్గించే లో-పాస్ ఫిల్టర్‌తో మొదలుపెట్టొచ్చు.

కండరం బలం ఒక కోణం దగ్గర ఒక్కసారిగా పడిపోతోంది

మొమెంట్ ఆర్మ్ గ్రాఫ్ గీయండి. అదే కోణం దగ్గర అక్కడా మెట్టు కనిపిస్తే, కండరం దారి తాను చుట్టుకోవాల్సిన స్తంభం (ఎముక ఉబ్బుకు బదులు నమూనాలో పెట్టిన సిలిండర్) మీద నుంచి జారి రెండో వైపుకు దూకింది. స్తంభం వ్యాసార్ధమో చోటో సరిచేస్తే సరిపోతుంది. పోల్చడానికి ఒక కొలత: బైసెప్స్ మొమెంట్ ఆర్మ్ మోచేయి సుమారు 90 డిగ్రీలు వంగినప్పుడు గరిష్ఠంగా, 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది.

బక్కపలచని రోగి, పహిల్వాన్ నమూనా

ఈ నమూనా సగటు మగవాడిది. నమూనాను రోగి కొలతలకు సరిపెట్టే స్కేల్ టూల్ ఎముకల పొడవు, ద్రవ్యరాశి, కండరం పోగు పొడవు, టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) పొడవు మారుస్తుంది గానీ కండరం గరిష్ఠ బలాన్ని దానంతట అది తగ్గించదు. 45 కిలోల పెద్దావిడకు ఆ బలాలే ఉంచితే ప్రతి పనీ తేలికగా చేసినట్టు కనిపిస్తుంది. చేతి డైనమోమీటర్‌తో భుజం, మోచేయి, మణికట్టు బలం కొలిచి, ఆ నిష్పత్తిలో తగ్గించండి.

ఎదురు తప్పు కూడా ఉంది. కండరాలు చాలకపోతే రిజర్వ్ యాక్చుయేటర్లు (నమూనా కీళ్లకు జోడించే కృత్రిమ మోటార్లు) నిశ్శబ్దంగా లోటు పూడ్చేస్తాయి, పని సాఫీగా జరిగినట్టే ఉంటుంది. రిజర్వ్ టార్క్ మొత్తం టార్క్‌లో 5 శాతం దాటితే ఆ కండరాల ఫలితాలు పక్కన పెట్టేయండి.

డెల్టాయిడ్ ఒక్కటే పని చేస్తోంది, రొటేటర్ కఫ్ నిద్రపోతోంది

నమూనాలో బంతి గిన్నెలోంచి జారిపోయే అవకాశమే లేదు, మేకు కొట్టినట్టు ఉంటుంది. కాబట్టి దాన్ని పట్టి ఉంచే రొటేటర్ కఫ్ కండరాల అవసరం లెక్కకు తెలియదు. కీలు మీద పడే బలాన్ని చూపే జాయింట్ రియాక్షన్ విశ్లేషణ చేసి, బలం దిశ గిన్నె అంచు లోపల పడుతోందా చూడండి. పడకపోతే, పడాలనే షరతును కండరాల మధ్య బలాన్ని పంచే ఆప్టిమైజేషన్‌లో చేర్చండి, కఫ్ లేస్తుంది. చేయి పక్కకు 90 డిగ్రీలు ఎత్తినప్పుడు కీలు మీద బలం శరీర బరువులో సుమారు 0.9 వంతు అని 1978లో పాపెన్, వాకర్ లెక్కగట్టారు. మీది పదో వంతో, మూడు రెట్లో వస్తే ఆగి వెనక్కి వెళ్లండి.

పక్షవాతం రోగిలో ట్రైసెప్స్ సున్నా చూపిస్తోంది

స్టాటిక్ ఆప్టిమైజేషన్ కండరాల శ్రమను కనిష్ఠం చేస్తుంది. మోచేయి వంచేటప్పుడు, దాన్ని చాచే ట్రైసెప్స్‌ను బిగించడం దాని దృష్టిలో దండగ. రోగి నాడీవ్యవస్థ అంత పొదుపు చేయదు. వంచే కండరాలు, చాచే కండరాలు రెండూ కలిసి బిగుస్తాయి. ఈఎంజీ (కండరాల విద్యుత్) సంకేతాలతో నడిపే పద్ధతి వాడండి. ఈఎంజీ లేకుండా వచ్చిన గ్రాఫ్‌తో బొటాక్స్ ఏ కండరానికి అన్న చర్చ పెట్టొద్దు.

టెండన్ మార్పిడి అంచనా ప్రతిసారీ మారిపోతోంది

కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతులకు వెల్లూరులో టెండన్ మార్పిడి (ఒక కండరం టెండన్‌ను వేరే పనికి మార్చి కుట్టే ఆపరేషన్) చేసిన సర్జన్ పాల్ బ్రాండ్, 1981లో సహచరులతో కలిసి ముంజేయి, అరచేతి కండరాల సాపేక్ష బలాన్ని, సాగే దూరాన్ని కొలిచి ప్రచురించారు. ఏ కండరాన్ని ఎక్కడికి మార్చాలో ఆలోచించేవాళ్లకు ఆ రెండు అంకెలూ ఇప్పటికీ మొదటి ఆధారం. నమూనాలో తేడా వచ్చేది పోగు పొడవు దగ్గర. మణికట్టును వంచే ఫ్లెక్సార్ కార్పి ఆల్నారిస్ కండరం పోగులు 4 నుంచి 5 సెంటీమీటర్లే. టెండన్ పొడవులో 1 సెంటీమీటర్ పొరబడితే పోగు పొడవులో ఐదో వంతు పైనే పోతుంది, బలం అంచనా కూలిపోతుంది. ముంజేతిలోని బ్రాకియోరేడియాలిస్ కండరం పోగులు చాలా పొడవు, అదే తప్పును అది ఓర్చుకుంటుంది. అయితే అది మోచేతిని కూడా దాటుతుంది. దాన్ని మణికట్టు ఎత్తడానికి మార్చినవాళ్లలో మోచేయి ఎలా ఉంటే మణికట్టు కదలిక అలా మారుతుందని మరే బృందం 2002లో చూపించింది.

కాబట్టి ఒకే భంగిమలో ఒకే అంకె ఇవ్వొద్దు. టెండన్ పొడవును అటూ ఇటూ 5 మిల్లీమీటర్లు మార్చి, మోచేయి చాచి, సగం వంచి, పూర్తిగా వంచి నడపండి. వచ్చిన కనిష్ఠం, గరిష్ఠం రెండూ సర్జన్‌కు ఇవ్వండి. ఆపరేషన్ బల్ల మీద టెండన్‌ను ఎంత బిగుతుగా కుట్టాలో నిర్ణయించుకునేది ఆయనే.