చెస్ ఇంజన్ల పోటీ పెట్టే ముందు జాగ్రత్తలు

భీమవరంలోని మా ఇంట్లో రాత్రంతా రెండు చెస్ ఇంజన్లను, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాములను, ఒకదానితో ఒకటి ఆడించి తెల్లవారి చూస్తే, ఒకటి వరుసగా సమయం మించి ఓడిపోయి ఉంది. యాంటీవైరస్ ఆ వేళకే పూర్తి స్కాన్ మొదలుపెట్టిందని తర్వాత తెలిసింది. కనుక ముందుగా స్కాన్ వేళను మార్చుకోవాలి.

యాంటీవైరస్‌ను పూర్తిగా ఆపివేయడం మాత్రం తగదు. ఇంజన్‌ను దాని అధికారిక సైటు నుంచే దించుకొని, ఒకసారి స్కాన్ చేయించి, అది ఉన్న ఫోల్డరును మినహాయింపుల్లో (యాంటీవైరస్ తనిఖీ చేయనివాటి జాబితాలో) చేర్చాలి. సిజిజీ ఎండ్‌గేమ్ పట్టికలు (కొద్ది పావులే మిగిలిన స్థితులకు ముందే లెక్కగట్టిన ఫలితాలు) ఉన్న ఫోల్డరునూ మరువరాదు; ఆరు పావుల వరకు పట్టికలే సుమారు 150 జీబీ ఉంటాయి, వాటిని తెరిచినప్పుడల్లా తనిఖీ జరిగితే ఇంజన్ ఆలోచన కుంటుపడుతుంది. సొంతంగా కంపైల్ చేసిన కొత్త ఫైలునైతే యాంటీవైరస్ అనుమానించి క్వారంటైన్‌లో (నడవకుండా వేరుగా) పెట్టేయవచ్చు.

స్టాక్‌ఫిష్ అనే ఇంజన్‌కు వేగం కొలిచే ‘బెంచ్’ ఆదేశమిచ్చి, సెకనుకు ఎన్ని నోడ్లు (ఆట స్థితులు) పరిశీలిస్తుందో స్కాన్ నడుస్తున్నప్పుడూ ఆగినప్పుడూ రాసి పెట్టుకోవాలి. వానాకాలంలో మా డెల్టాలో కరెంటు పోతుంటుంది కాబట్టి యూపీఎస్ కూడా చూసుకోవాలి.