రెండో ఆదివారం, పిండి మిషను పక్క గదిలో

మదనపల్లి నుంచి, శ్రీకాళహస్తి నుంచి నాకు ఫోన్లు వస్తుంటాయి. "అక్కా, మా ఊళ్ళో కూడా చూపు లేనోళ్ళం ఏడెనిమిది మందిమి ఉన్నాం. మీ మాదిరి నెలకోసారి కలవాలంటే ఏం చెయ్యాల?" అని. కొట్లో బేరం వదిలేసి ఒక్కొక్కరికి అరగంట చెప్తా ఉంటే మా ఆయన సణుగుతాడు. అందుకే ఒకేసారి చెప్పేస్తున్నా. నేను మాట్లాడితే ఫోనే టైపు చేసింది, తప్పులు మా అమ్మాయి దిద్దింది.

మాది తిరుపతి కొర్లగుంటలో చిల్లర కొట్టు. నాకు చిన్నప్పుడు రేచీకటి. ముప్పై దాటాక పగలు కూడా చుట్టూ మూసుకుపోతూ వచ్చి, ముప్పై ఎనిమిదికి మొత్తం పోయింది. మాది మేనరికం సంబంధాలు ఎక్కువున్న ఇల్లు. మా పెద్దనాన్న కొడుక్కీ ఇదే.

మనుషుల్ని ఎక్కడ వెతకాలి అని అందరూ అడుగుతారు. సదరం క్యాంపు, అంటే వైకల్యం సర్టిఫికెట్టు ఇచ్చే క్యాంపు, జరిగే రోజు ఆస్పత్రి వరండాలో కూర్చోండి, చాలు. దానికోసం పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా వరసలో ఉంటారు, మాట్లాడే మనిషి దొరికితే ప్రాణం లేచొస్తుంది. నాకు మొదటి నలుగురు అక్కడే దొరికారు. నలుగురితో మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు ఇరవై ముగ్గురం. గుంపుకి పేరు, రిజిస్ట్రేషన్, బ్యానరు అని మొదటి నెల్లోనే పరిగెత్తకండి. మా గుంపుకి ఇప్పటికీ పేరు లేదు. "రెండో ఆదివారం" అంటే మాకు తెలుస్తుంది.

రెండో ఆదివారమే ఎందుకంటే పింఛను వచ్చేది ఒకటో తేదీన. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6000 అయింది. రెండో ఆదివారం ఎప్పుడు పడినా ఎనిమిదికీ పద్నాలుగుకీ మధ్యనే కాబట్టి అప్పటికి చేతిలో ఆటో డబ్బులు మిగిలుంటాయి. మొదట్లో నాలుగో ఆదివారం పెట్టి చూశాం. సగం మంది "ఒంట్లో బాగలేదక్కా" అన్నారు. నిజానికి బాగలేనిది జేబు.

గది విషయంలో నేను చాలా పట్టుదల మనిషిని. ఒకాయన దయతో కల్యాణ మండపం ఇస్తానన్నాడు, పోయి చూశాం. ఎత్తైన కప్పు, నున్నటి గోడలు. ఎవరు మాట్లాడినా నలుగురు మాట్లాడినట్టు వినపడింది. చూపున్నవాళ్ళకి మసక వెలుతురు ఎట్లాంటిదో మాకు ప్రతిధ్వని అట్లాంటిది. దండం పెట్టి వచ్చేశాం. ఇప్పుడున్నది ట్యూషన్ చెప్పుకునే చిన్న గది. కింది అంతస్తు, గడప ఒకటే, బాత్‌రూం లోపలే. అన్నిటికంటే పెద్ద సుఖం పక్కనే పిండి మిషను ఉండడం. ఆదివారం పొద్దున అది ఆడుతూనే ఉంటుంది. "షేర్ ఆటో దిగి మిషను చప్పుడు వైపు తిరుగు, మిరప్పొడి ఘాటు తగిలాక ఎడమకి పన్నెండు అడుగులు" అంటే కొత్త మనిషి కూడా వచ్చేస్తాడు. మీ గదికి కూడా అట్లాంటి గుర్తు ఒకటి వెతకండి. గుడి మైకు పనికిరాదు, అది ఊరంతా వినపడుతుంది.

కబురు పెట్టడానికి బొమ్మలు పంపొద్దు. పూలూ దేవుడి ఫోటో మీద అందంగా అక్షరాలు రాసి వాట్సాప్‌లో పెడతారు. మా ఫోను దాన్ని "ఇమేజ్" అని ఊరుకుంటుంది. వాయిస్ మెసేజ్ పెట్టండి. శనివారం సాయంత్రం ఒక్కొక్కరు ఇద్దరికి ఫోన్ చెయ్యాలని మాకు కట్టు. కాస్త చూపు మిగిలినవాళ్ళు దారిలో అసలు చూపు లేనివాళ్ళని కలుపుకుని వస్తారు.

సాయానికి వచ్చే కాలేజీ పిల్లలకి మొదటి రోజే ఇది నేర్పండి: మమ్మల్ని మీరు పట్టుకోవద్దు, మీ మోచేతి పైన మేం పట్టుకుంటాం. మీరు అరడుగు ముందు నడవండి. మీ ఒంటి కదలికని బట్టి మెట్టు ఎక్కుతున్నారా దిగుతున్నారా అన్నది మాకు తెలిసిపోతుంది. ఒకబ్బాయి నా తెల్లకర్ర రెండో కొస పట్టుకుని మేకను తోలుకుపోయినట్టు తోలుకుపోయాడు. మంచి పిల్లాడే, తెలీక. ఇంకో మాట, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అనే ఆట మాకు నచ్చదు. వచ్చినప్పుడు పేరు చెప్పండి, లేచి పోయేటప్పుడు పోతున్నానని చెప్పండి. ఖాళీ కుర్చీతో అయిదు నిమిషాలు మాట్లాడిన అవమానం మాలో ప్రతి ఒక్కరికీ జరిగిందే.

పది గంటలకి హాజరు. ఎవరి చోట వాళ్ళు కూర్చుని పేరు చెప్తారు, దాంతో ఎవరు ఏ మూల ఉన్నారో గది మొత్తం తెలిసిపోతుంది. ఆ తర్వాత కుర్చీలు జరపకూడదు.

ఏం చెయ్యాలి అన్నదానికి వస్తే, మా దగ్గర ఎక్కువ గిరాకీ డబ్బు పాఠానికి. అది నా పాఠం. కొత్త నోట్లు పది నుంచి ఐదొందల దాకా పొడవు పెరుగుతూ పోతాయి. పది 123 మిల్లీమీటర్లు, ఇరవై 129, యాభై 135, వంద 142, రెండొందలు 146, ఐదొందలు 150. కింది నోట్ల మధ్య ఆరేసి, ఏడేసి మిల్లీమీటర్ల తేడా ఉంది కాబట్టి వేలికి తెలుస్తుంది. వంద, రెండొందలు, ఐదొందల దగ్గర తేడా నాలుగే, అక్కడే మోసం. వంద నుంచి పై నోట్లకి రెండు అంచుల్లోనూ ఉబ్బెత్తు గీతలుంటాయి: వందకి నాలుగు, రెండొందలకి నాలుగు గీతల మధ్య రెండు సున్నాలు, ఐదొందలకి అయిదు. నోటు నలిగితే ఆ గీతలు అరిగిపోతాయి. అందుకే అట్టముక్క మీద మూడు పొడవులకీ గాట్లు పెట్టి అందరికీ ఒక్కొక్కటి ఇచ్చా. నోటు ఒక కొస అట్ట అంచుకి ఆనించి, రెండో కొస ఏ గాటు దగ్గర ఆగిందో చూసుకోవడమే.

ఇంకో గండం పాత నోట్లు. పాత వంద 157 మిల్లీమీటర్లు, కొత్త ఐదొందల కంటే పెద్దది. పాత పది నోటు కొత్త యాభై కంటే రెండు మిల్లీమీటర్లు పొడుగు. అందుకే పొడవుతో పాటు వెడల్పు కూడా తడమమంటా. పది నోటు, పాతదైనా కొత్తదైనా, యాభై కంటే సన్నం. ఇరవై రూపాయల బిళ్ళకి పన్నెండు మూలలు కాబట్టి దాంతో గొడవ లేదు. రిజర్వు బ్యాంకు వాళ్ళ 'మణి' యాప్ కూడా ఫోన్లో వేసుకోండి, నెట్ లేకున్నా నోటు చూసి చెప్తుంది. అయినా ఆటో దిగి, వెనక హారన్లు మోగుతుంటే ఫోన్ తీసి ఫోటో పట్టే తీరిక ఎవరికుంటుంది? వేళ్ళకి నేర్పాల్సిందే.

ఆటల్లో మా ప్రాణం వామనగుంటలు. చదరంగానికి మేకులు దిగే చిల్లుల బోర్డు కావాలి, పేకకి బ్రెయిలీ ముక్కలు కావాలి. వామనగుంటలకి ఏమీ మార్చక్కర్లేదు. పద్నాలుగు గుంటలు, గుంటకి అయిదు చింతగింజలు, అంతా చేతి లెక్కే. రేణిగుంట నుంచి వచ్చే ఒక ముసలామె ముందు ఇంతవరకూ చూపున్నవాళ్ళు ఎవరూ గెలవలేదు.

క్రికెట్ కుర్రాళ్ళ సంగతి. లోపల గుళ్ళున్న ప్లాస్టిక్ బంతి, గలగలమంటుంది. చెయ్యి కిందనుంచి వెయ్యాలి, సగం పిచ్ దాటక ముందే నేలకి తగలాలి. బౌలరు "రెడీ?" అంటే అవతల నుంచి "యెస్" రావాలి, అప్పుడు "ప్లే" అని వేస్తాడు. 2025 నవంబరులో కొలంబోలో మన ఆడపిల్లలు నేపాల్‌ని ఓడించి అంధుల టీ20 ప్రపంచ కప్పు గెలిచాక, మా గుంపులో ముగ్గురు అమ్మాయిలు కూడా బ్యాటు అడిగారు. గ్రౌండు పక్క రోడ్డు మీద బస్సు పోతే ఆట ఆపాలి, బంతి వినపడదు.

బ్రెయిలీ అక్షరం ఆరు చుక్కల లోపే, అది నేర్పడానికి కోడిగుడ్ల అట్ట వాడుతున్నాం. రెండు వరసలు, మూడేసి గుంటలు వచ్చేట్టు కత్తిరించి, చుక్క ఉన్నచోట నిమ్మకాయ పెడతాం. 'అ' కి ఒకటో గుంటలో, 'క' కి ఒకటి, మూడు. చేతికి పెద్దగా తగిలితే బుర్రకి ఎక్కుతుంది, తర్వాత కాగితం. షుగరుతో వేళ్ళు మొద్దుబారిన పెద్దవాళ్ళని మాత్రం బలవంతం చెయ్యొద్దు. వాళ్ళకి ఫోన్ చాలు. రెండు వాల్యూం బటన్లు కలిపి మూడు సెకన్లు నొక్కితే తెర మీదున్నది పైకి చదివే టాక్‌బ్యాక్ వస్తుందని చెప్పి, ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టించండి. ఇరవై ఫోన్లు ఒక్కసారి మాట్లాడితే ఆ గదిలో ఉండలేం.

యాత్రలు మొదటి ఏడాది వద్దు. మేం మూడో నెల్లోనే చంద్రగిరి బయల్దేరి, బస్టాండులో ఒక తాతని వదిలేసి పోయాం. మూత్రానికని పోయి వచ్చేసరికి మేం లేం. ఆయన ఫోను మా సంచిలోనే ఉంది. గంటన్నర అట్లాగే స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తప్పు నాదే, తలలు లెక్కపెట్టే పని చూపున్న ఒకరికి అప్పజెప్పి నిశ్చింతగా ఉన్నా. అప్పటి నుంచి అందరికీ నంబర్లు. ఎక్కినా దిగినా ఒకటి, రెండు, మూడు అని ఎవరిది వాళ్ళు గట్టిగా చెప్తారు. నడుమ మౌనం వస్తే బండి కదలదు. తాత నంబరు ఒకటి, అది ఆయనే అడిగి తీసుకున్నాడు.

వానాకాలంలో కపిలతీర్థం తీసుకుపోండి. నీళ్ళు కొండ మీంచి పుష్కరిణిలో పడే హోరు, ముఖం మీద తుంపర, దానికి ఎవరూ వర్ణన చెప్పనక్కర్లేదు. కార్తీక సోమవారాలూ పౌర్ణమీ మాత్రం వద్దు, తొక్కిసలాట. మెట్లు పాచి పట్టి ఉంటాయి, జాగ్రత్త.

ఇక దాతలు. పుట్టినరోజు కేకు తెచ్చి, మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, ఫోటో తీసుకుని పావుగంటలో పోతారు. కోపం లేదు గానీ, అట్లాంటివి రెండు జరిగితే మనవాళ్ళు ఏమిస్తారా అని రావడం మొదలుపెడతారు. మేం కేకు వద్దని, చదివే పని ఇస్తాం. మందు అట్ట మీద గడువు తేదీ, కరెంటు బిల్లు, బ్యాంకు నుంచి వచ్చిన కాగితం. వరండాలో ఒక్కొక్కరికి విడిగా చదవాలి, ఒకరి అప్పు సంగతి ఇంకొకరికి వినపడకూడదు. ఖర్చులకి తలా ఇరవై రూపాయలు మేమే వేసుకుంటాం. లెక్క ఒకరు బ్రెయిలీలో రాస్తారు, ఇంకొకరు ఫోన్లో చెప్పి దాస్తారు, నెలాఖరుకి రెండూ సరిచూస్తాం.

తిండి కొనుక్కురాకండి, చేసుకోండి. బొరుగులు కలపడం, ఊరిబిండి పచ్చడికి వేయించిన చెనక్కాయల పొట్టు తియ్యడం కూర్చున్నచోటే అయిపోతాయి. చేతులు పనిలో ఉంటేనే నోళ్ళు తెరుచుకుంటాయి. ఆడపిల్లలు పెళ్ళి మాటలూ, ఇంట్లో మాటలూ చెప్పుకునేది ఆ చెనక్కాయల దగ్గరే.

ఆడపిల్లల్ని పంపమంటే ఇళ్ళలో ఒప్పుకోరు. ఫోన్లో బతిమాలితే లాభం లేదు, ఇంటికి పోయి వాళ్ళమ్మని పిలవండి, అమ్మాయిని కాదు. "నువ్వూ రా వదినా, వచ్చి కూర్చో" అనండి. అట్లా వచ్చిన ఒకామె మూడు నెలలు గడప బయటే కూర్చుంది, చెప్పులు కూడా విడవలేదు. నాలుగో నెల చెనక్కాయలు తక్కువ పొట్టు తీశామని లోపలికొచ్చి చాట లాక్కుంది. పోయిన నెల కూతురికి పరీక్ష ఉండి రాలేదు. ఆమె మాత్రం పదికి ముందే వచ్చి, తాళం ఎవరి దగ్గరుందని నాకు ఫోన్ చేసింది.